అయిందా మాస్టారికి పాఠాలు

బడి ఎదురు అద్దె గది,
ఆదివారం

అమ్మమ్మకి,

ఫోన్ చేస్తే తీయవు. తీసినా "రాయి, చదువుకుంటాను" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

కొత్త ఉద్యోగంలో నన్ను ఎక్కడికి వేశారనుకున్నావు, నువ్వు పనిచేసిన బడికే. గోడల రంగు మారింది గానీ గదులు అవే. రెండు తరగతుల మధ్య నువ్వు చెబుతుండే చెక్క అడ్డుగోడ ఇంకా ఉంది. ఇటు తుమ్మితే అటు వినిపిస్తుంది.

నా పనేమిటని అడిగావు. నేను పిల్లలకి పాఠం చెప్పను, పాఠం చెప్పే టీచర్లకి సాయం చేస్తాను. పిల్లలు విని, రాసుకుని, అప్పజెప్పడంతో సరిపెట్టకుండా వాళ్ళూ మాట్లాడేలా, చేసి చూసేలా, ఎదురు అడిగేలా తరగతి నడపడం టీచర్లకి కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. మొదటి ఏడాది కాబట్టి ఒక్కరినే అప్పగించారు.

ఆయన సైన్సు మాస్టారు. బడిలో అందరికన్నా పాతవారు. పిల్లలు 'అయిందా మాస్టారు' అంటారు. ప్రతి మాట చివరా "అయిందా?" అంటారు, ఎవరైనా నోరు తెరిచేలోపే "అయింది" అని తనే చెప్పుకుని ముందుకు పోతారు. మొన్న ఒక పిల్ల చెయ్యెత్తింది. చెయ్యి నొప్పి పుట్టి రెండో చేత్తో దాన్ని పట్టుకుని నిలబెట్టింది. ఆయన చూడలేదు. గంట కొట్టారు.

నీతో పనిచేసినవాళ్ళలో ఆయన ఒక్కరే మిగిలారు. నువ్వు గొంతు పాడై తరగతి వదిలేసి సామాను గది తీసుకున్నావని అమ్మ చెప్పేది, ఆయనకి గుర్తుండే ఉంటుంది. నీ మనవరాలినని చెబితే నా మాట కాస్త వింటారేమో. ఎక్కడ మొదలుపెట్టమంటావు?

నీ మనవరాలు

*

ఇల్లు,
జులై 9

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ దీవెనలు.

ఆదివారం అనేది తేదీ కాదు. అలాంటివి ఏడాదికి యాభై రెండు వస్తాయి.

ఆ మాస్టారు నాకు తెలుసు. అతని దగ్గర నా ఊసు ఎత్తకు. మనవరాలినని అసలే చెప్పకు. ఈ సలహాలు ఎక్కడివని అడిగితే ఒక అనుభవం ఉన్న టీచరు చెప్పిందను. అది అబద్ధం కాదు.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు. అతని దగ్గర చిన్నచిన్న మార్పులు పనిచేయవు. అంతా ఒక్కసారే మార్చెయ్యి. సోమవారానికల్లా బెంచీలు గుండ్రంగా వేయించు. పిల్లల్ని ఆరు జట్లు చెయ్యి. వారమంతా అతను ఒక్క ముక్క పాఠం చెప్పకూడదు. పిల్లలే ప్రశ్నలు వేసుకుని, పిల్లలే చర్చించుకోవాలి. రెండో రోజే హెడ్మిస్ట్రెస్‌ని పిలిచి చూపించు. పైవాళ్ళు చూస్తుంటే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తాడు.

తరవాత ఏం జరిగిందో వివరంగా రాయి. అతను ఎక్కడ నిలబడ్డాడు, ఏమన్నాడు, మొహం ఎలా పెట్టాడు, ఏదీ వదలకు.

అమ్మమ్మ

*

బడి, సైన్సు గది,
జులై 18

అమ్మమ్మకి,

నువ్వు చెప్పినట్టే చేయించాను.

మొదటి రోజు ఆయన జట్లు చేశారు. చేసి, ఒక్కో జట్టు దగ్గరికీ వెళ్ళి అదే పాఠం విడివిడిగా చెప్పడం మొదలుపెట్టారు. అయిందా, అయింది. మూడో జట్టుకి వచ్చేసరికి మొదటి జట్టువాళ్ళు కాగితం పడవలు చేస్తున్నారు. "మాస్టారూ, మీరు చెప్పకూడదండీ" అన్నాను. "అందరికీ కలిపి చెప్పొద్దన్నావు, విడిగా కూడా చెప్పొద్దంటే నేనెందుకమ్మా ఇక్కడ, దీపస్తంభంలా నిలబడడానికా?" అన్నారు.

రెండో రోజు నోరు కట్టేసుకుని గది మధ్యలో నిలబడ్డారు. హెడ్మిస్ట్రెస్ వచ్చి కూర్చున్నారు. దేని గురించి చర్చించాలో పిల్లలకి తెలియదు. ఇన్నేళ్ళూ పెదవి కదపనివ్వని పిల్లల్ని ఒక్కసారి వదిలేస్తే ఏమవుతుంది? ఒకడి బూటు కిటికీలోంచి బయటికి పోయింది. ఒక జట్టు "అయిందా" అని ఆయన గొంతుతో అంది. పక్క జట్టు "అయింది" అని అందుకుంది. ఇంక గది మొత్తం అదే పాట. ఆయన డస్టరు బల్ల మీద పెట్టి, బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నారు.

నాకు ఆ రోజు అన్నం సయించలేదు. నాకు లెక్కలు నేర్పేటప్పుడు ఒకటి వచ్చేదాకా రెండోది చూపించేదానివి కాదు. ఆయన్ని మాత్రం అన్నిట్లోకీ ఒకేసారి ఎందుకు తోసెయ్యమన్నావు?

మనవరాలు

*

ఇల్లు,
జులై 22

చిరంజీవి మనవరాలికి దీవెనలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. తరవాత పక్కింటావిడని కూర్చోబెట్టి చదివి వినిపించాను. ఈ మధ్య నేనింత చక్కగా నిద్రపోలేదు.

కొన్ని సంగతులు వదిలేశావు. మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నాడు? పిల్లలు కిటికీల్లోంచి చూశారా? డస్టరు పెట్టేటప్పుడు చెయ్యి వణికిందా? లోపలికి తనంతట తనే వచ్చాడా, ఎవరైనా పిలుచుకొచ్చారా?

నువ్వు బాధపడాల్సింది ఏమీ లేదు. కొందరికి అలా జరగడం అవసరం. వచ్చే వారం చర్చా పోటీ పెట్టించు. పిల్లల తల్లిదండ్రుల్ని కూడా పిలు.

అమ్మమ్మ

*

అద్దె గది,
జులై 27

అమ్మమ్మా,

చర్చా పోటీ లేదు. తల్లిదండ్రుల్ని పిలిచేదీ లేదు.

నిన్న స్టాఫ్ రూములో మాస్టారు లెక్కల టీచరుతో అంటున్నారు. నేను కప్పులు కడుగుతున్నాను, వినబడింది. "ఇలాంటి సంత ఈ బడిలో ఒకసారి చూశాం. నా పక్క గదిలోనే ఒకావిడ ఉండేది. పిల్లల్ని లేపడం, తిప్పడం, ఆడించడం. అటు నవ్వులు, ఇటు నా పిల్లల చెవులన్నీ గోడకే. పాఠం నేను చెబుతుంటే ఆవిడ ప్రశ్నకి నా పిల్లలు జవాబు చెప్పేవాళ్ళు. ఎలా వేగను? నేనే కాగితం రాసి అందరిచేతా సంతకాలు పెట్టించాను. ఆవిడని సామాను గదికి పంపించారు. ఆ రోగం ఇన్నాళ్ళకి తిరిగొచ్చి నా గదిలోనే దిగింది."

నీ గొంతుకి ఏమీ కాలేదు కదా.

నాతో చెప్పాల్సింది. ఆయన్ని సాధించాలని ఉందంటే నేను ఏమనేదాన్నో తెలియదు గానీ, అప్పుడు నా ఇష్టంతో అనేదాన్ని. సలహా అడిగితే నన్ను కర్రలా పట్టుకుని ఆయన్ని కొట్టావు.

నీకు చెప్పని సంగతి నా దగ్గరా ఒకటుంది. ఇది పక్కా ఉద్యోగం కాదు. ఏడాది చివర ఈ ఒక్క మాస్టారి తరగతి చూసి నన్ను ఉంచాలో పంపాలో తేలుస్తారు. పాత ఉద్యోగం నేను మానలేదు, వాళ్ళే తీసేశారు. రెండు చోట్ల పనికిరాలేదంటే మూడో చోట గేటు కూడా తీయరు. కంగారుపడతావని చెప్పలేదు. హెడ్మిస్ట్రెస్ పై ఆఫీసుకి రాసింది మాస్టారి గురించి కాదు, నా గురించి. తొందరపెట్టి తరగతి చెడగొట్టానట. నువ్వు ఆయనకి వేసిన దెబ్బ నా వీపు మీద పడింది.

మనవరాలు

*

ఇల్లు,
జులై 31

మనవరాలికి,

నా గొంతుకి ఏమీ కాలేదు. చేతకాక తీసేశారన్న మాట నా కూతురి చెవిన పడకూడదని గొంతు అని చెప్పాను.

రిటైరయ్యేదాకా ఆ గదిలో సుద్దపెట్టెలు, డస్టర్లు, చీపుళ్ళు పంచిపెట్టాను. పొద్దున్నే వాడు వచ్చేవాడు. నా చేతిలోంచి సుద్దపెట్టె తీసుకుని, సంతకం పెట్టి వెళ్ళేవాడు. ఒక్కనాడు కూడా నా మొహం చూడలేదు. నేను మాత్రం వాణ్ణే చూసేదాన్ని. గుమ్మంలోంచి వాడి తరగతి సగం కనిపించేది. పగవాణ్ణి చూసినంత శ్రద్ధగా నేను ఏ శిష్యుణ్ణీ చూడలేదు.

క్షమించమని అడగను. వాడు మెట్ల మీద కూర్చున్నాడని చదివితే నా కడుపు నిండింది. నిండలేదని రాస్తే అది అబద్ధం. కానీ ఆ దెబ్బ నీకు తగులుతుందని తెలిస్తే ఆ సలహా రాసి ఉండను.

వాణ్ణి బాగుచేయడం నాకు ఇష్టం లేదు. నిన్ను రోడ్డున పడేయడం అంతకన్నా ఇష్టం లేదు. కాబట్టి రాసుకో.

బెంచీలు ఎక్కడివక్కడ పెట్టించు. వాడికి జరిగిన అవమానం గురించి మాట్లాడకు, ఓదార్చకు. పాఠం ఎప్పటిలాగే చెప్పుకోనివ్వు. ఒక్కటే మార్చు. వాడికి చేతిలో సుద్ద లేకపోతే మాట రాదు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఒకసారి సుద్ద విరిగి కిందపడితే వాక్యం మధ్యలో ఆగిపోయి, వంగి, దాన్ని వెతికి పట్టుకున్నాకే మిగతా సగం చెప్పాడు. అందుకని ప్రశ్న అడగ్గానే సుద్దను బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమను. ఒక పిల్లో పిల్లాడో జవాబు చెప్పేదాకా దాన్ని ముట్టుకోకూడదు. రోజుకి ఒక్క ప్రశ్నకి చాలు.

ఆగస్టు అంతా ఇదే. వాడు ఉత్సాహపడి ఇంకేదో చేస్తానన్నా వద్దను. బాగా చేసినా పొగడకు, పొగడ్త తలకెక్కితే వాణ్ణి పట్టలేం. క్లాసయ్యాక ఒక్కటే అడుగు, ఇవాళ ఎవరు మాట్లాడారని. పిల్లల పేర్లు వాడికి తెలియవు. సిగ్గుపడి నేర్చుకుంటాడు. ఆ సిగ్గు నా వంతు.

అమ్మమ్మ

*

బడి, సైన్సు గది,
సెప్టెంబరు 3

అమ్మమ్మకి,

కోపం పూర్తిగా పోలేదు. అయినా జరిగింది చెప్పకుండా ఉండలేను.

మొదట్లో ఆయన సుద్ద పెట్టేవారు, తీసేవారు, మళ్ళీ పెట్టేవారు. చేతులు వెనక్కి కట్టుకుంటే పెదాలు కదిలేవి. పిల్లలు ఇదేదో కొత్త శిక్ష అనుకుని బిక్కచచ్చి కూర్చునేవాళ్ళు. నాలుగు రోజులు ఒక్కరూ నోరు తెరవలేదు. "చూశావా, వీళ్ళకి నోళ్ళు లేవు" అన్నారు నాతో. ఐదో రోజు, తడిబట్ట గాలికి త్వరగా ఎందుకు ఆరుతుందని అడిగి సుద్ద పెట్టేశారు. అప్పుడు, ఆ మధ్య చెయ్యెత్తి నొప్పి పుట్టిన పిల్లే లేచి, "గాలి నీళ్ళు తాగేస్తుంది మాస్టారూ" అంది.

ఆయన నవ్వారు. "తాగడానికి గాలికి నోరుందా?" అన్నారు. పిల్ల కూర్చుండిపోయింది. మర్నాడు మళ్ళీ ఎవరూ పలకలేదు. పాపం ఆయనకే అర్థమైంది. క్లాసయ్యాక నా దగ్గరికొచ్చి, "నవ్వకుండా ఉండాల్సింది. కానీ తప్పు చెబితే తప్పనకుండా ఏం చేయాలి?" అన్నారు. ఆయన నన్ను ఒకటి అడగడం అదే మొదలు.

"మీ అనుభవం ఉన్న టీచరుని అడిగి చెప్పు. ఎవరావిడ?" అని కూడా అడిగారు.

మనవరాలు

*

ఇల్లు,
సెప్టెంబరు 8

చిరంజీవి మనవరాలికి దీవెనలు.

నా పిల్లలు గోడ అవతలినుంచి నవ్వుతున్నారని కాగితం రాసినవాడు ఇప్పుడు తను నవ్వి తరగతి నోరు మూయించుకున్నాడు. అతనికి ఆ పోలిక తట్టి ఉండదు. నాకు తట్టింది, చాలు.

తప్పు జవాబు వస్తే దాన్ని పిల్ల చెప్పిన మాటల్లోనే బోర్డు మీద పెద్దగా రాయమను. తప్పు అనకూడదు, ఒప్పు అనకూడదు. "ఇది నిజమో కాదో ఎలా తెలుసుకుందాం?" అని అడిగి సుద్ద పెట్టెయ్యాలి. వెంటనే తుడిచెయ్యాలని అతనికి చెయ్యి దురద పెడుతుంది. డస్టరు నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చో.

పిల్లలు రెండు గుడ్డలు తడిపి ఒకటి కిటికీలో, ఒకటి బీరువాలో పెడదామంటారు. అనకపోతే అనేదాకా ఆగమను. దొరికిన జవాబు ముందు పక్కవాడికి చెప్పుకుని, తరవాత మాస్టారికి చెప్పాలి. పక్కవాడికి చెప్పడానికి ఎవరూ భయపడరు. ఇది కుదురుకుంటే జనవరిలో జట్లు. అంతకుముందు జట్ల మాట ఎత్తితే నాకు రాయడం మానెయ్యి.

నేనెవరో చెప్పకు. ఇప్పుడు చెబితే ఒక నమస్కారం పెట్టి తప్పించుకుంటాడు. బాగా పైకి ఎక్కనీ. పదిమంది మెచ్చుకుంటూ ఉండగా చెబుదువుగాని. అప్పుడు చెబితే ఎముకల్లోకి దిగుతుంది.

అమ్మమ్మ

*

అద్దె గది,
ఫిబ్రవరి 2

అమ్మమ్మకి,

రెండు నెలలుగా సరిగ్గా రాయలేదు, తిట్టు. జట్లు మొదలై మూడో వారం. ఈసారి బూట్లు కిటికీలోంచి పోలేదు. పిల్లలు ఏం తేల్చుకోవాలో బోర్డు మీద ముందే ఉంటుంది, ఆయన జట్టు వెనక నిలబడి వింటారు. "అయిందా" అంటే ఇప్పుడు పిల్లలు "ఇంకా అవలేదు మాస్టారూ" అంటున్నారు. ఆగుతున్నారు.

హెడ్మిస్ట్రెస్ ముచ్చటపడి, చుట్టుపక్కల బడుల టీచర్లని పిలిచి ఆయన క్లాసు చూపిస్తామన్నారు. పై ఆఫీసువాళ్ళు కూడా ఆ రోజే వస్తారు. నా సంగతి కూడా ఆ రోజే తేలుతుంది.

ఒక్కటి ముందే చెబుతున్నాను. అంతమందిలో నీ సంగతి చెప్పి ఆయన్ని పడగొట్టమని మళ్ళీ రాయకు. నేను చేయను. ఈ మనిషి మారడానికి ఎంత కష్టపడ్డారో దగ్గరుండి చూశాను.

మనవరాలు

*

ఇల్లు,
ఫిబ్రవరి 6

చిరంజీవి మనవరాలికి దీవెనలు.

సరే. చెప్పకు. నీ ఉద్యోగం నీది.

నా కక్ష నాది. దాన్ని నేనే మోసుకుంటాను.

అమ్మమ్మ

*

బడి, సైన్సు గది,
ఫిబ్రవరి 20

అమ్మమ్మా,

నన్ను ఉంచారు. ముందు అది చదువుకుని, ఊపిరి పీల్చుకుని, తరవాత మిగతాది చదువు.

గది నిండా టీచర్లు, గోడల వెంట నిలబడ్డారు. క్లాసు అద్భుతంగా జరిగింది. నీడలు పొద్దున పొడుగ్గా, మధ్యాహ్నం పొట్టిగా ఎందుకుంటాయన్నది పాఠం. పిల్లలు టార్చిలైటుతో, పెన్సిలుతో వాళ్ళే తేల్చుకున్నారు. ఆయన మొత్తం మీద ఏడెనిమిది మాటలు మాట్లాడి ఉంటారు.

అయ్యాక పై ఆఫీసాయన, "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు మాస్టారూ?" అని అడిగారు. ఆయన చొక్కా సర్దుకుని, "నేర్చుకునేదేముంది సార్, ఇన్నేళ్ళ అనుభవం. ఒకరు చెబితే వచ్చేది కాదు" అన్నారు. నా వైపు కూడా చూడలేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చప్పట్లలో ఆయన నీ తరగతిని మళ్ళీ ఒకసారి లాక్కుపోయారనిపించింది. అయినా నోరు మూసుకున్నాను. నీకు మాట ఇవ్వలేదు గానీ నాకు నేను ఇచ్చుకున్నాను.

అప్పుడు మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. వేళాకోళం కాదు, నిజంగానే తెలియక అడిగింది. "మాస్టారూ, మీకు ఎప్పటినుంచో వస్తే, పోయినేడు మా అక్కకి ఎందుకు ఇలా చెప్పలేదు?"

ఒకరిద్దరు నవ్వి ఆపేశారు. ఆయన చెయ్యి బల్ల మీది సుద్ద వైపు వెళ్ళి ఆగింది. పోయినేడైతే కూర్చోమనేవారు. ఇప్పుడు ఆ తరగతిలో జవాబు వచ్చేదాకా ఎవరూ కూర్చోరు. పిల్ల నిలబడే ఉంది. టీచర్లందరూ చూస్తున్నారు.

"మీ అక్కకి చెప్పేటప్పుడు నాకు రాదు" అన్నారు చివరికి.

"మరి ఎవరు నేర్పారు?"

ఆయన నన్ను చూపించారు. "ఈ టీచరు. ఈవిడకి ఇంకెవరో పెద్దావిడ ఉత్తరాలు రాసి చెబుతారట. ఎవరో నాకు తెలియదు."

ఇంక ఆగలేదు అమ్మమ్మా. లేచాను. "మా అమ్మమ్మ. ఈ గోడ అవతల గదిలో సైన్సు చెప్పేది. మీరు కాగితం రాసి పంపించేశారే, ఆవిడ" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

ఆయన పిల్లల బెంచీ మీద కూలబడ్డారు. "ఆవిడ ఇంకా ఉన్నారా?" అన్నారు.

"ఉంది. జులై నుంచి మీకు పాఠం చెబుతోంది" అన్నాను.

నీకు వద్దని రాసి నేనే చేశాను. బాధగా ఉందా అంటే లేదు. అదే నాకు భయంగా ఉంది.

మనవరాలు

*

ఇల్లు,
మార్చి 4

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ దీవెనలు.

నిన్ను ఉంచారన్న వాక్యం దగ్గర ఆగమన్నావు, ఆగాను. మిగతాది ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఆ బెంచీ మీద కూలబడ్డం ముందుకా, పక్కకా అన్నది నువ్వు రాయలేదు. ఇప్పుడు అడగడం లేదు.

భయపడకు. అది నా రక్తం. కక్షని వాడుకోకుండా దాచుకుంటే బయటపడడానికి నాకు పట్టినన్నేళ్ళు పడుతుంది. నువ్వు ఒక్క నిమిషంలో కక్కేశావు.

అతని దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. నీ దగ్గరే అడ్రసు తీసుకుని ఉంటాడు. నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు క్షమాపణ. తను అప్పుడు కుర్రవాణ్ణని, గోడ అవతల నవ్వులు వింటుంటే తనకు పాఠం చెప్పడం రాదని రోజూ ఎవరో చెబుతున్నట్టు ఉండేదని, ఆ కాగితం రాసిన చేత్తోనే నా దగ్గర సుద్దపెట్టె తీసుకోవాలంటే తల ఎత్తలేకపోయేవాణ్ణని రాశాడు. చేతిరాత బాగుంది. నమ్మాను కూడా. క్షమించలేదు. క్షమిస్తే అతను తేలిగ్గా నిద్రపోతాడు, ఆ అవసరం నాకు కనిపించలేదు.

మిగిలిన అరపేజీలో ఒక ప్రశ్న అడిగాడు. జట్లలో ఎప్పుడూ అదే నలుగురు మాట్లాడుతున్నారు, మిగతావాళ్ళు వాళ్ళ వెనక దాక్కుంటున్నారు, ఏం చేయాలి అని. మంచి ప్రశ్న. తరగతిని నిజంగా చూస్తే తప్ప అది తట్టదు.

దానికి జవాబు రాశాను. మూడు పేజీలు వచ్చింది. క్షమాపణ సంగతి అందులో ఎక్కడా లేదు, అందిందని కూడా రాయలేదు. మాట్లాడనివాళ్ళని ముందు అడగాలని, ఆ నలుగురినీ చివర అడగాలని, పది రోజుల్లో ఏం జరిగిందో నాకు రాయాలని రాశాను. ఆలస్యమైతే ఊరుకోనని కూడా రాశాను.

రిటైరయ్యేదాకా అతను నాకు లెక్క చెప్పాల్సిందే.

అమ్మమ్మ